ఉమ్మడి గోడకు కడుపొచ్చింది

మేడ్చల్ పాత బజారులో మేం ఇల్లు కొన్నప్పుడు ఊరు ఊరంతా మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూసింది. ఊరిని తప్పు పట్టను. తొంభైల నడుమ సంగతి. చుట్టూ ఉన్న చేలన్నీ ప్లాట్లయి, జొన్న మొలవాల్సిన చోట తెల్ల హద్దురాళ్లు మొలుస్తున్నాయి. అలాంటి రోజుల్లో, అల్వాల్‌లో అద్దెకుండే ఒక గుమస్తా, శుభ్రమైన కొత్త ప్లాటు కొనుక్కోక, నైజాం కాలపు భవంతిలో సగం ముక్క ఎందుకు కొంటాడు? చెద పట్టిన వాసాల మీద మోజుతోనా?

ఊరికి ఒకే జవాబు తోచింది. లంకెబిందెలు. గోడలోనో, గచ్చు కిందో, గొలుసుతో జత కట్టిన రెండు బిందెల బంగారం ఉంది; దాని ఆచూకీ నాకెవరో చెప్పారు. ఇక చూసుకోండి, పాలామె పాలు పోస్తూ గిన్నెను చూడ్డం మానేసి నా భుజం మీదుగా లోపలి నేలను చూసేది. సగం పాలు అరుగు తాగేది.

నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. నేను ఆ ఇంటిని కొన్నది చల్లదనం కోసం. గోడలు రెండు మూరల మందం. ముందు గదిలో రేడియో పెడితే వార్తలు వంటింటికి చేరేసరికి పాతబడేవి. మే నెలలో బయట కాకులు సొమ్మసిల్లి రాలుతుంటే, లోపల మా ఆవిడ దుప్పటి వెతుక్కునేది. టేకు దర్వాజ మీద చెక్కిన చిలకలు ఎంత నిజంగా ఉండేవంటే, బజారు పిల్లి ఒకటి మూడేళ్లపాటు వాటి కింద కాపు కాసి, చివరికి ఆశ చంపుకుని శాకాహారి అయిపోయింది.

సుఖాలు ఇవైతే, కష్టాలకు వేరే బండి కట్టాలి. ఆ దర్వాజ నాకంటే జానెడు పొట్టి. వచ్చినవాడు వంగి రావాల్సిందే, వంగనివాడి నుదుటి మీద ఇల్లు తానే ముద్ర వేసేది. ఫ్రిజ్ అందులో పట్టక పదకొండు రోజులు అరుగు మీద కాపురం చేసింది. దారిన పోయేవాళ్లు ఆగి, దాని తలుపు తీసి, లోపల తొంగి చూసి పోయేవారు. చల్లదనం కోసమే అన్నారు గానీ బిందెల కోసమే అని నా అనుమానం. ఇక గోడకు మేకు కొడితే, మేకైనా వంగేది, గోడైనా దోసెడు మట్టి రాల్చేది. ఆ రాలుడు చూడలేక, వచ్చిన రెండో ఏడు లోపలి గోడలన్నిటికీ నున్నగా సిమెంటు పూయించాను. బజారును పిలిచి మరీ చూపించాను. నైజాం ప్రభువుకు కూడా తట్టని ఆలోచన అని నేనే అన్నట్టు గుర్తు.

భవంతి మిగతా సగం ఉల్లిగడ్డల వ్యాపారిది. వాళ్ల తాత కొన్నాడట. మా రెండు ఇళ్లకూ నడుమ ఒకే గోడ. అటు దూలాలూ ఇటు దూలాలూ దాని భుజం మీదే. అది పడితే రెండిళ్లూ పడతాయి. ఆయన నన్ను సార్ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. ఎదురైతే సలాం, రంజాన్‌కు గిన్నెడు సేమియా, మిగతా రోజులన్నీ అనుమానం. నేను ఇటు సుత్తి ఎత్తితే చాలు, అటు నుంచి దగ్గు వినిపించేది.

ఎనిమిదేళ్లు అలా గడిచాయి. ఒక ఎండాకాలం మా ఆవిడ పడకగదిలో గోడ ముందు నిలబడి, పెళ్లికొచ్చిన పాత చుట్టాన్ని గుర్తుపట్టలేనట్టు చాలాసేపు చూసింది.

"గోడ మీ పొట్ట లెక్క ముందుకొస్తాంది" అంది.

"గోడ యాడికొస్తది? నీ కండ్లు పోయినయ్."

ఆమె వాదించే మనిషి కాదు. తాళంచెవుల గుత్తికి దారం కట్టి పైనుంచి వేలాడదీసింది. పైన దారానికీ గోడకూ నడుమ నాలుగు వేళ్ల సందు. నడుముకొచ్చేసరికి గుత్తి గోడ మీద బోర్లా పడుకుంది.

"ఇగ జూస్కోండ్రి. మిరుగు లోపల సక్కగ జేయిస్తరా, బౌరంపేట ఆయనకు అమ్ముతరా? ఈ గదిల పండేది నేను. వానకు పడితె నా మీదనే పడుతది."

బౌరంపేట ఆయన అంటే బిల్డర్. రెండు సగాలూ కలిపి కొని, పడగొట్టి, నాలుగంతస్తులు లేపుతానని ఏడాదిగా తిరుగుతున్నాడు. వచ్చినప్పుడల్లా గోడను అరచేత్తో తట్టి, ఇక ఎక్కువ రోజుల్లేవు అన్నట్టు తల ఊపేవాడు. గోడ ఉబ్బడానికి ఆ తట్టుడే కారణమేమో అని కూడా అనుమానించాను. మిరుగు, అంటే తొలకరి, ఇంకా నెలన్నర ఉంది.

చూసిన మేస్త్రీలందరూ కూలగొట్టమన్నారు. పాత పద్ధతి తెలిసిన మనిషి చివరికి శామీర్‌పేటలో దొరికాడు. డెబ్బై ఏళ్లుంటాయి, తాను మాత్రం నూరు దాటానని చెప్పుకునేవాడు. బస్సు దిగి నేరుగా వచ్చి, గోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నిద్రపోయాడనుకున్నాం. తర్వాత అరుగు మీదికి వచ్చి, తుప్రాన్ దాకా వినిపించే గొంతుతో ప్రకటించాడు.

"సారూ, గోడకు కడుపొచ్చింది!"

నడుమ ఉబ్బిన గోడను మేస్త్రీలు అలాగే అంటారట. కానీ అది పొద్దున పదింటి బజారు. పాన్‌డబ్బా ముందు పదిమంది ఉన్నారు. పన్నెండింటికి ఆ మాట రైల్వే స్టేషన్ చేరింది. చేరేటప్పటికి "గోడ కడుపుల ఉన్నదట" అని మారింది. ఏమున్నదో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కదా. సాయంత్రం లోకల్ రైల్లో ముక్కూ మొహం తెలియనివాడు నా పక్కకు జరిగి, "ఎన్నో నెల సార్?" అన్నాడు.

ఆ రాత్రి భోజనాలకు ముందే ఉల్లిగడ్డల భాయ్ మా ఇంటికొచ్చాడు. ఎనిమిదేళ్లలో మొదటిసారి కూర్చున్నాడు.

"ఏందో కడుపంటున్నరు సార్."

"ఉబ్బింది భాయ్. అది మేస్త్రీల మాట."

"హౌ హౌ, మేస్త్రీల మాటనే. కడుపు మీ దిక్కున్నదా, మా దిక్కున్నదా?"

"మా దిక్కే."

"గోడ ఇద్దరిది గద సార్. కడుపు ఒక్కలదెట్లయితది?"

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "కావాల్నంటె పురుడు మీ ఇంట్లనే పోస్తం తీ భయ్యా!"

ఆయన నవ్వలేదు. లెక్క మనసులో రాసుకున్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు.

నాకు ఆయన మీద ఉన్న అనుమానం వేరు. వాళ్ల బోళ్లు తోమే జాగ సరిగ్గా ఆ గోడ పక్కనే ఉంది. నీళ్లు గోడలోకి దిగుతున్నాయనీ, కావాలనే దింపుతున్నాడనీ, బిల్డర్‌తో లోపాయికారీగా మాట్లాడుకున్నాడనీ నేను తేల్చేశాను. చక్కెర అడిగేందుకని, చిల్లర అడిగేందుకని, పండగ ఏ రోజని అడిగేందుకని వెళ్లి ఆ జాగను పరీక్షించాను. పొడిగా ఉంది. మరీ అంత పొడిగా ఉండటంతో అనుమానం రెట్టింపయింది.

శామీర్‌పేట తాత మాత్రం ఒకే షరతు పెట్టాడు. దూలాల కింద గుంజలు నిలబెట్టి, గోడను రెండు దిక్కులా ఒకేసారి విప్పాలి. ఒక్కరు కాదన్నా తాను బస్సెక్కుతాడు. భాయ్ ఒప్పుకున్నాడు, తాను దగ్గర కూర్చుంటేనే అని. మొదటి మట్టిపెళ్ల నుంచి ఆఖరి పెళ్ల దాకా తన కళ్ల ముందే రాలాలట. నేనూ సరిగ్గా అదే షరతు పెట్టాను. ఆఫీసుకు ఇంట్లో ఒకరికి కడుపునొప్పి అని రాసి సెలవు పెట్టాను, అబద్ధం కాదు కదా. విప్పే రోజున ఆయన దిక్కు నాలుగు కుర్చీలు, మా దిక్కు ఐదు; ఐదోది, కడుపున్న దిక్కే కూర్చుంటానన్న భాయ్‌ది. పాన్‌డబ్బా ముందు జనం గురించి చెప్పక్కర్లేదు.

తాత గునపం మొన పెట్టి సిమెంటును లేపాడు. అది పేద్ద అప్పడంలా ఒకే పలకగా ఊడి వచ్చింది. వెనుక వైపు నీళ్లు కారుతున్నాయి. చిత్తడి నేల వాసన గదినిండా కమ్మింది. తాత లోపలి మట్టిని పిడికెడు తీసి పిండాడు. చుక్కలు పడ్డాయి.

"గీ సిమెంటు ఎవ్వడు పూసిండు?"

మా ఆవిడ నన్ను చూసింది. భాయ్ నన్ను చూశాడు. నేను వాసాలు లెక్కపెట్టాను.

"మట్టిగోడ ఊపిరి తీస్కుంటది సారూ. కిందికెళ్లి తడి గుంజుకుంటది, పైకెళ్లి వొదిలి పెడతది. నువ్వు దాని ముక్కు మూసినవ్. తడి యాడికి పోవాలె? కడుపుల్నే ఉంటది."

భాయ్ నెమ్మదిగా అర్థం చేసుకున్నాడు. ముఖం విప్పారింది.

"అంటే సార్, కడుపు జేసింది మీరేనా?"

మా ఆవిడ ఆ మాటకు కుర్చీలోంచి కింద పడింది. ఇన్నేళ్లయినా పూర్తిగా లేచిందని చెప్పలేను.

అయినా గోడ నడుమ బోలు కనిపించగానే అందరి నవ్వులూ ఆగిపోయాయి. భాయ్ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు. నేను ఆయన తల పక్కన తల పెట్టాను. లోపల ఉన్నది ఎలుక కాపురం. మా పల్లికాయ పొట్టు, వాళ్ల ఉల్లిపొర, మా ఆవిడ వెతికి వెతికి పనిమనిషిని తిట్టిన జాకెట్ ముక్క, భాయ్ పోయిందని బజారంతా గొడవ చేసిన టోపీ. ఆ ఎలుక ఏ దిక్కుకూ పక్షపాతం చూపలేదు.

"దొరికినయా?" అని బయటి నుంచి ఎవరో అరిచారు. లేదని చెప్పాం. ఇద్దరూ కలిసి ఒకే మాట చెప్పడంతో ఊరి అనుమానం రూఢి అయింది, పంచుకున్నారు అని.

పని మూడు వారాలు సాగింది. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవాడు తాత. ఆ వాసనకు మేడ్చల్ చీమలన్నీ మా చిరునామా తెలుసుకున్నాయి. గోడ ఉండాల్సిన చోట దుప్పటి ఒకటి వేలాడేది. గాలి వీస్తే వాళ్ల కూర మాకు, మా కూర వాళ్లకు కనిపించేది. తీసిన మట్టిని భాయ్ పొద్దున్నే జల్లెడ పట్టేవాడు. మొక్కలకు అన్నాడు. ఆయనకు మొక్కల్లేవు. ఆయన పట్టిన మట్టిని నేను మళ్లీ పట్టేవాణ్ణి.

ఆఖరి రోజు తాత చేతులు కడుక్కుని, మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి చెప్పాడు. "పెద్ద వానొచ్చినంక జూడుండ్రి. తడి మరక రాలేదా, మీ మనుమలకు గూడ ఉంటది. వచ్చిందా, ఇగ నన్ను పిలువకుండ్రి, బిల్డర్‌నే పిలువుండ్రి. మరక ఏ దిక్కొస్తదో నేను జెప్పలేను."

ఆ చివరి మాట చెప్పకుండా పోవాల్సింది.

మిరుగు వచ్చిన మూడో రోజు, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి వాన పట్టింది. శామీర్‌పేట చెరువును ఎవరో ఎత్తి బోర్లించినట్టు కురిసింది. గంట తర్వాత మా దిక్కు గోడ చూశాను. మల్లెపువ్వు. మరి వాళ్ల దిక్కు? అక్కడ మరక వచ్చి ఉంటే? వచ్చినా నాకు చెప్పకుండా ముందుగా బిల్డర్ దగ్గరికి పోతే? మా ఆవిడ ఎనిమిదేళ్లు తుడిచిన గచ్చు, పిల్లి చూసిన చిలకలు, అన్నీ ఆయన ఒక్క సంతకంతో పోతాయి. గొడుగు తీసుకుని బయల్దేరాను. అరుగు దిగేసరికి ఎదురుగా భాయ్, ఆయన చేతిలోనూ గొడుగే.

"యాడికి సార్, గింత వానల?"

"మీ ఇంటికే భాయ్. నాలుగు ఉల్లిగడ్డలు కావాల్నట. మీరు?"

"మీ ఇంటికే. పేపర్ జూద్దామని."

ఆయన చదివేది ఉర్దూ. మాకొచ్చేది తెలుగు పేపర్.

"పోండ్రి, లోపలున్నది" అన్నాను.

"మీరు గూడ పోండ్రి సార్."

వాళ్ల గదిలో ఎవరూ లేరు. పైనుంచి కింది దాకా చూశాను. మూలలు చూశాను. అరచెయ్యి ఆనించాను, పొడిగా, చల్లగా ఉంది. నా అరచేతిని కూడా నేను నమ్మను కాబట్టి, తాత లాగే చెంప ఆనించి కళ్లు మూసుకున్నాను. పొడి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కళ్లు తెరిస్తే చేటలో ఉల్లిగడ్డలతో భాయ్ భార్య.

"ఏమైంది భాయ్‌సాబ్?"

"ఏంలేదు చెల్లె. క్యాలెండర్ జూస్తున్న."

ఆ గోడకు క్యాలెండర్ లేదు. మేకు కూడా లేదు. ఆమె ఏదో అనబోయేలోగా, రెండు మూరల సున్నం గోడను చీల్చుకుని అటు నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"భయ్యా, పేపర్ బల్ల మీదున్నది! గోడకు చెంప వెడితె వార్తలేమన్న వినవడ్తయా?"