దెయ్యం కోసం దించిన దీపం

దెయ్యాలను చూడటానికి మనుషులు టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తారని నాకు ఇరవై నాలుగో ఏట తెలిసింది. అప్పట్లో నేను నెల్లూరికి తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెలో పంతుల్ని. బడికంతా కలిపి ఒక్కణ్ణే పంతుల్ని. పల్లెలో అందరూ చేపల వేట మీద బతికేవాళ్లు. మాది కోవూరు. వరి తప్ప ఇంకో లోకం ఎరగని ఊరు. వచ్చిన కొత్తలో చేపల వాసనకు ముక్కు మూసుకున్నవాణ్ణి, ఏడాది తిరిగేసరికి ఆ వాసన లేకపోతే అన్నం సయించని స్థితికి వచ్చాను.

బడికి తాటాకు కప్పు. వానొస్తే సెలవు, గాలొస్తే సెలవు, రెండూ కలిసి వస్తే బడినే వెతుక్కోవాలి. పెంకులు వేయించమని నేను రాయని ఆఫీసు లేదు. చివరికి నెల్లూరులో పెద్దమనుషుల సంఘం ఒకటి ఉందని ఎవరో చెబితే వాళ్లకూ ఒక ఉత్తరం పడేశాను. ప్లీడర్లు, డాక్టర్లు, బియ్యం మిల్లుల యజమానులు, వాళ్ల భార్యలు. రోజూ సాయంత్రం పేకాట, నెలకోసారి పేదల మీద జాలి. ఇదీ ఆ సంఘం కార్యక్రమం.

ఉత్తరం ఉత్తరంలా రాసి ఊరుకుంటే సరిపోయేది. నాకు అప్పుడు భాష మీద మోజు. మా పల్లె పక్కన పాడుబడ్డ తెల్లదొర బంగ్లా ఉందనీ, దొర సమాధి ఉందనీ, ఉప్పు నిలవచేసే పాత కొటారు ఉందనీ, ఇంతటి చరిత్ర గల చోట బడికి పెంకులు లేకపోవడం శోచనీయమనీ రెండు పేజీలు నింపాను. శోచనీయం అన్న మాట రాసినందుకు ఆ రాత్రి నాకు నిద్ర కూడా పట్టలేదు, అంత సంతోషం.

వారం తిరక్కుండా సంఘం సెక్రటరీ గారే దిగారు. పెద్ద ప్లీడరు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే జాగ్రత్తపడేవాణ్ణి. ఆయన ఎక్కడో ఇంగ్లీషు పత్రికలో చదివారట, ఇంగ్లండులో దెయ్యాలు తిరిగే ఇళ్లను రాత్రిపూట చూపించి ధర్మకార్యాలకు చందాలు వసూలు చేస్తారని. మనమూ ఒక అమావాస్య నాడు బస్సు మాట్లాడి, టిక్కెట్టు పెట్టి పెద్దమనుషులను తీసుకొద్దాం, మరుగున పడిన చరిత్రను వెలికి తీద్దాం, వచ్చిన దానితో మీ బడికి పెంకులు వేయిద్దాం అన్నారు. ఆయన వెంట ఆ మూడు చోట్లూ నేనే తిరిగాను. ఆ చరిత్ర వెలికి వచ్చిన తీరు కళ్లారా చూశాను.

దొర సమాధి మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. రాయి నున్నగా, వెడల్పుగా ఉండటంతో పల్లెలో ఆడవాళ్లు దాని మీద చేపలు ఎండబెట్టుకునేవారు. సెక్రటరీ గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇతను డచ్చి కెప్టెన్, ప్రేమలో విఫలమై చనిపోయాడు అని తేల్చారు. ఆధారం ఏమిటని అడిగితే, ఆధారం లేదు కనకనే ఎవరూ కాదనలేరు అన్నారు. కోర్టులో ఆయన గెలుస్తారని ఊరికే అనరు. ఉప్పు కొటారులో కాపలావాడు ఉరేసుకున్నాడని ఇంకో కథ కట్టారు. ఆ కాపలావాడు రిటైరై మనుబోలులో కూతురి దగ్గర ఉన్నాడనీ, ఆ దసరాకు కూడా వచ్చి పోయాడనీ నేను చెప్పాను. ఆయన నవ్వి నా భుజం తట్టారు. అంతే, నేను లొంగిపోయాను. నన్ను కొనడానికి భుజం తట్టడం సరిపోయింది.

ఇక బంగ్లా. అది సరిగ్గా సముద్రం అంచున ఉండేది. ముందు గోడ ఎప్పుడో కూలి, ఆ రాళ్లన్నీ అలల్లో పడి ఉండేవి. మేడ మీద ఒక్క గది మాత్రం మిగిలింది. దాని కిటికీ సముద్రం వైపు తెరుచుకుని ఉండేది. పగటిపూట కూడా వేటగాళ్లు తెప్పను ఆ రాళ్లకు దూరంగా నడిపేవాళ్లు. తెప్పంటే నాలుగు దుంగలు కలిపి కట్టింది, రాయి తగిలితే విడిపోతుంది. బంగ్లాకు కొంచెం దక్షిణంగా, రాళ్లు లేని మెత్తటి ఇసక ఉన్నచోట, దిబ్బ మీద ఒక తాటి గుంజ పాతి ఉండేది. వేటకు పోయిన చీకటి రాత్రుల్లో దానికి ఒక లాంతరు వేలాడేది.

ఆ లాంతరు పెట్టేది ఒక ముసలామె. ఆమెకు ఒక్కడే కొడుకు, పల్లెలో మంచి వేటగాడని పేరు. మొదట్లో ఒక రాత్రి, అతను సముద్రం మీద ఉండగా, మీవాడు ఎప్పుడొస్తాడమ్మా అని నేను మర్యాదకు అడిగాను. ఆమె మొహం తిప్పుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇదేం పొగరు అనుకున్నాను. తెప్పలన్నీ గట్టున ఉన్న ఒక పగలు కోడలు నాకు సంగతి చెప్పింది. మగవాళ్లు వేటకు పోయినప్పటి నుంచి తిరిగి ఇసక తొక్కేదాకా, ఇంట్లో ఆడది వాళ్ల రాక గురించి నోరెత్తకూడదు. వస్తారనకూడదు, రారనకూడదు, ఆ దీపం ఎందుకో కూడా చెప్పకూడదు. చెబితే సముద్రం వింటుందని వాళ్ల నమ్మకం. ఎవరన్నా అడిగితే ఊరికే పెట్టుకున్నామంటారు. అప్పటి నుంచి నాకు ఆ కట్టు తెలుసు. పల్లెకు బయటివాడై ఉండి అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అమావాస్య రానే వచ్చింది. బస్సు కాలవ కట్ట దాకానే వస్తుంది. అక్కడి నుంచి పడవలో కాలవ దాటి ఇసకలో నడవాలి. పట్టు చీరలు, సెంటు వాసనలు, చెప్పుల్లో ఇసక, ప్రతి పది అడుగులకూ ఒకరు ఆగి దులుపుకోవడం. పెట్రోమాక్సు లైట్లు మోసేవాళ్లను ముందు నడవమంటారు, దెయ్యం కనపడదని వెనక్కి పొమ్మంటారు. సమాధి మీద చేపలు తీయించి బంతిపూలు చల్లించారు కానీ వాసన ఎక్కడికి పోతుంది. ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఆ డచ్చి ప్రేమికుడి కోసం కళ్లు తుడుచుకుంది. కొటారు దగ్గర నేను ఉరి కథ చెప్పాను. ఆయన రాసిచ్చినదానికి నేను రెండు ముక్కలు కలిపాను కూడా. మా హిస్టారియన్ అని సెక్రటరీ గారు నన్ను నలుగురికీ పరిచయం చేశారు. మనుబోలులో ఆ కాపలావాడు ఆ వేళకు అన్నం తిని పడుకుని ఉంటాడు.

చివరగా బంగ్లా. దూరం నుంచే చూపించి, పై గదిలో కొరివిదెయ్యం తిరుగుతున్నట్టు ఒక వెలుగు కనపడేలా చేయాలని ఏర్పాటు. తీరా దిబ్బ ఎక్కేసరికి పక్కన గుంజ మీద లాంతరు నిశ్చింతగా వెలుగుతోంది. అది వెలుగుతుంటే చీకటి చీకటిలా లేదని సెక్రటరీ గారికి చిరాకు. గుంజ కింద ముసలామె కూర్చుని ఉంది. కొడుకు, అతని బావమరిది, ఇద్దరూ ఆ సాయంత్రమే వేటకు పోయారు.

"ఈ దీపం ఎందుకమ్మా ఇక్కడ?" అని సెక్రటరీ గారు మర్యాదగానే అడిగారు.

"ఊరికే పెట్టుకున్నామయ్యా," అంది ఆమె.

"ఊరికేనట. అయితే మాస్టారూ, దాన్నే దింపి ఆ పై గదిలో పెట్టండి. ఒక్క గంట చాలు."

ఆమె నా వైపు చూసింది. నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. సార్, అది వేటకు పోయినవాళ్లకు గుర్తు అని. అంతకంటే పెద్ద వాక్యం కూడా అక్కర్లేదు. శోచనీయం లాంటి మాటలు అసలే అక్కర్లేదు. తెప్పలు కోడి కూసే వేళకు గానీ రావు, మేం పదింటికల్లా వెళ్లిపోతాం అని మనసులో లెక్క వేసుకున్నాను. పెంకులు గుర్తొచ్చాయి. నిజం చెప్పాలంటే పెంకుల కంటే ఆ హిస్టారియన్ అన్న మాటే ఎక్కువ పనిచేసింది. నలుగురిలో పెద్దమనిషికి ఎదురు చెప్పి ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టంలేకపోయింది. గుంజకు కట్టిన తాడు విప్పి లాంతరు దించింది నేనే.

ఆమె లేచి చెయ్యి చాచింది, మళ్లీ చెయ్యి దించుకుంది. తర్వాత పల్లె వైపు పరుగు తీసింది, ఇంకో లాంతరు కోసం. పల్లె దగ్గరేం కాదు, ఇసకలో ముసలి కాళ్లు. భయపడి పారిపోతోందని ఎవరో అంటే అందరూ నవ్వారు.

నేను బంగ్లా మెట్లెక్కి, లాంతరును కిటికీలో అటూ ఇటూ నాలుగుసార్లు ఊపాను. దిబ్బ మీద ఆడవాళ్లు కెవ్వుమన్నారు, మగవాళ్లు చప్పట్లు కొట్టారు. లాంతరు కిటికీలో పెట్టేసి కిందికి వచ్చాను. గుంజ కంటే ఆ కిటికీ ఎత్తు. సముద్రం మీదికి బాగా కనపడుతుంది. అంత మంచి దీపం ఆ ఒడ్డున అంతకుముందు ఎప్పుడూ వెలగలేదు.

ఆ రాత్రి గాలి తిరిగింది. వేటగాళ్లు గాలి తిరిగితే కోడి కూత కోసం కూర్చోరు, ఒడ్డుకు వచ్చేస్తారు. సెక్రటరీ గారు డచ్చి కెప్టెన్ ఆత్మ గురించి చెబుతుండగా కింద అలల్లో దుంగలు రాళ్లకు కొట్టుకున్న చప్పుడు, వెంటనే మనిషి అరుపు. దిబ్బ మీద వాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. ఇది అన్నిటికంటే బాగుందని ఒకాయన అన్నాడు. రెండో అరుపుకు నేను గొంతు ఆనవాలు పట్టాను. లైట్లు తెమ్మని కేకవేసి కిందికి పరుగెత్తాను. బావమరిది ఈది గట్టెక్కాడు. ముసలామె కొడుకు కాలు దుంగకూ రాయికీ మధ్య నలిగిపోయింది. అరువు తెచ్చుకున్న లాంతరు పట్టుకుని ఆమె వచ్చేసరికి అతణ్ణి ఇసకలో పడుకోబెట్టి ఉన్నాం. ఆమె ఏడవలేదు. కొడుకు పాదం ఇసకలో ఆనిందో లేదో చూసుకుని, అప్పుడు మాత్రం అతణ్ణి పేరు పెట్టి పిలిచింది.

అతణ్ణి అతని వలలోనే వేసుకుని కాలవ దాకా మోసి, పడవలో దాటించాం. అక్కడ బస్సు డ్రైవరు ఎవరినీ అడక్కుండా వెనక సీటు ఖాళీ చేయించి పడుకోబెట్టాడు. ఆ రాత్రి ఆ బస్సులో మనిషనేవాడు ఆ డ్రైవరొక్కడే. మిగతావాళ్లు కిటికీలు తెరిచి చేపల వాసన గురించి మాట్లాడుకున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన సామెత ఉంది కదా, నిప్పడిగినవాడే కాస్త నయం. అతనికి చుట్టన్నా అవసరం.

నెల్లూరు ఆస్పత్రిలో కాలు నిలిపారు కానీ బలం నిలపలేకపోయారు. మూడు నెలలకు అతను కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. మళ్లీ తెప్ప ఎక్కలేదు, ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేసేవాడు. వానలకు ముందే మా బడికి పెంకులు వచ్చాయి. సంఘం పేరు చెక్కిన రాయి ఒకటి గోడలో పెట్టారు. ప్రారంభోత్సవంలో సెక్రటరీ గారు, ఆ రాత్రి తమ సంఘం అక్కడ ఉండబట్టే ఒక బీద జాలరి ప్రాణం దక్కిందని చెప్పారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఒక్కసారి అలవాటైతే చేతులు వాటంతటవే కొడతాయి.

లాంతరు మాత్రం ఆ రాత్రి నుంచి కనపడలేదు. కృతజ్ఞతలు చెప్పడానికి సంఘం హాలుకు వెళితే అక్కడ అద్దాల బీరువాలో ఉంది. కింద అట్టముక్క మీద దెయ్యం దీపం అని రాసి ఉంది. ఇది ఫలానా ముసలామెది, ఇప్పించండి అని అడగాలనుకున్నాను. ఇచ్చిన కాఫీ తాగి, దండం పెట్టి బయటికి వచ్చాను. బజారులో అలాంటిదే కొత్తది కొనుక్కుని పల్లెకు పోయాను.

మిట్టమధ్యాహ్నం. తెప్పలన్నీ గట్టున ఆరుతున్నాయి. అంటే ఆమె మాట్లాడవచ్చు. కొడుకు గుడిసె నీడలో వల అల్లుతూ తలెత్తలేదు. లాంతరు ఆమె చేతికిచ్చాను. ఆమె గాజు బుడ్డి తీసి చూసింది, కొంగుతో తుడిచి మళ్లీ బిగించింది. ఇంక తన ఇంట్లోంచి వేటకు పోయేవాళ్లెవరూ లేరు. అయినా ఆ సాయంత్రం దాన్ని గుంజకు కట్టేది తనేనని నాకు తెలుసు. తప్పయిందమ్మా అన్నాను. ఆమె కోపంగా ఏమీ లేదు. నిజంగా తెలియకే అడిగినట్టు అడిగింది.

"మా నోటికి కట్టుండాది అయ్యోరా. నీ నోటికేమొచ్చింది?"