రాత్రికి ఉండిపోయిన వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయారు. మా కోడలి తండ్రి. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. రాశాక కూడా నమ్మకం కుదరడం లేదు.

ఆ పొద్దున ఆయనే ఫోన్ చేశారు. "బావా, జనగామ బస్టాండుల ఉన్న. ఉప్పల్ల దిగి మెట్రో ఎక్కుత. ఇంట్ల చాయ్ తాగకు, ఇద్దరం బయట తాగుదం."

ఎప్పటిలాగే హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆఫీసులకు వెళ్ళే పిల్లలు మెడలో కార్డులతో దిగుతున్నారు. వాళ్ళ మధ్య ఆయన తెల్ల చొక్కా కోసం చూస్తుంటే కోడలు ఫోన్ చేసింది.

"మామయ్యా, ఇంటికి వచ్చేయండి. బాపు రాడు."

బస్సు తప్పిపోయిందేమో అనుకున్నాను. "తరవాతి బస్సుకు వస్తారులేమ్మా" అన్నాను. అవతల ఏడుపు వినపడింది. ఫోన్ పెట్టేశాక కూడా ఎస్కలేటర్ వైపే చూస్తూ నిలబడ్డాను. జనం దిగుతూనే ఉన్నారు.

బీపీ లేదు, షుగర్ లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని బస్టాండు బెంచీ మీద కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే పోయారట. పక్కనున్నవాళ్ళు కునుకు తీస్తున్నారనుకున్నారట.

జనగామలో ఆయనకు పిండి గిర్ని ఉంది. జొన్నలు, బియ్యం, పసుపు, కారం పట్టి ఇస్తూ ఇద్దరు పిల్లల్ని చదివించారు. కొడుకు అక్కడే బట్టల దుకాణం నడుపుతున్నాడు. కూతురు మా ఇంటికి వచ్చింది. పెళ్ళినాడు కూడా ఆయన చెవి వెనక కాస్త పిండి ఉండిపోయింది. అది చూసి మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నవ్వు చెల్లే, నవ్వు. గీ పిండితోనే నీ కోడల్ని ఇంజనీరు చేసిన" అన్నారాయన.

మాది కృష్ణా జిల్లా. కరెంటాఫీసులో రిటైరై కొండాపూర్లో కొడుకు దగ్గర ఉంటున్నాను. నేను "రండి బావగారూ, కూర్చోండి" అంటే ఆయన తల పట్టుకునేవారు. "నువ్వు అండి అండి అంటుంటే తహసీల్దారు ముందట నిలవడ్డట్టుంటది బావా."

రోజూ గిర్ని మూసేశాక కూతురికి ఫోన్ చేసేవారు. అడిగేది ఒక్కటే. "తిన్నవా బిడ్డా?" తిన్నానంటే పెట్టేసేవారు. తినలేదంటే తిన్నాక మళ్ళీ చేయమనేవారు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. కూతురింట్లో రాత్రి ఉండరు. పొద్దున వచ్చి, సర్వపిండి రొట్టెల డబ్బా చేతికిచ్చి, మనవరాలితో ఆడుకుని, సాయంత్రం బస్సుకు లేచేవారు. ఎంత చెప్పినా వినరు. "మా నాయిన మా అక్కల ఇండ్లల్ల ఎన్నడు పండుకోలే. నేను గంతే" అనేవారు.

మూడేళ్ళ క్రితం మా ఆవిడ పోయింది. కర్మకాండలు అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆయన కూడా సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నారు. ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు. చెప్పులు విప్పేశారు.

"బస్సు పోతది బాపూ" అంది కోడలు.

"పోనీ."

"నువ్వు నా ఇంట్ల పండుకోవు గద?"

"ఇది నీ ఇల్లని ఎవలన్నరే? ఇది మా బావ ఇల్లు."

ఆ రాత్రి మావాడి ట్రాక్ ప్యాంటు వేసుకుని, కాళ్ళకు అడ్డం పడుతుంటే మోకాళ్ళదాకా మడుచుకుని హాల్లో పడుకున్నారు. వారం రోజులు ఉన్నారు. మావాడు వాళ్ళమ్మ చీరలు ఎవరికైనా ఇచ్చేద్దామని అట్టపెట్టెలు తెస్తే, ఆయన ఆపారు. "జర ఆగు అల్లుడా. పిండి వేడి మీదుండంగ మూత పెట్టద్దు. ముక్కిపోతది." గిర్నికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పే మాటే అది.

తరవాత తరచుగా వచ్చి ఒకట్రెండు రోజులు ఉండేవారు. మా ఇంట్లో నా భార్య ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు, నేను బాధపడతానని. ఆయన మాత్రం ఎత్తేవారు. టీ తాగుతూ ఏదో ఒకటి అడిగేవారు. "చెల్లె పులుసుల బెల్లం ఏసేదా? మీ దిక్కు గంతేనా?" నేను చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. ఆవిడ గురించి నేను నోరు విప్పి మాట్లాడింది ఆయన దగ్గరే.

ఓసారి నీలం గళ్ళ లుంగీ తెచ్చి, బాత్రూం తలుపు మేకుకు తగిలించి ఇక్కడే ఉంచేశారు. ఉతికి బాల్కనీ రెయిలింగ్ మీద ఆరేసేవారు. మా అపార్టుమెంట్లో అది నిషేధం. కింద నుంచి సెక్యూరిటీ అబ్బాయి ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. ఫోన్ ఆయనే తీశారు.

"తమ్మీ, మీదే ఊరు? ... మా పక్కనే గదనే. తడి లుంగి తీసి యాడ పెట్టాలె? ఆరినంక తీస్త అని చెప్పు మీ సార్లకు."

ఆయన పోయిన మర్నాడు జనగామలో దహనం జరిగింది. గిర్ని షట్టర్ దింపి ఉంది. ఒక ముసలమ్మ జొన్నల సంచితో వచ్చి, జనాన్ని చూసి ఆగిపోయింది. "నిన్న పట్నం పోతున్న, రేపు రా అన్నడు" అంది అందరి ముఖాలూ చూస్తూ. "అందుకే వచ్చిన." సంచి గోడకానించి పక్కనే కూర్చుంది.

కొండాపూర్ వచ్చేశాం. కోడలు ఆఫీసుకు వెళ్తోంది, వస్తోంది. వాళ్ళ నాన్న ఊసు ఎత్తవద్దని మావాడు నాకు సైగ చేస్తున్నాడు. సాయంత్రం ఫోన్ వచ్చే వేళకు ఆ పిల్ల వంటగదిలోకి వెళ్ళి ఊరికే నిలబడుతోంది.

పోయిన ఆదివారం లుంగీ మేకు మీద నుంచి తీసి ఉతికాను. రెయిలింగ్ మీద ఆరేశాను. కోడలు వచ్చి పక్కన నిలబడింది.

"మీ బాపు నిన్ను బడికి ఎలా తీసుకెళ్ళేవారమ్మా?" అని అడిగాను.

లుంగీ కొస లాగి సరిచేసింది. తరవాత చెప్పింది. "సైకిల్ మీద మామయ్యా. ముందట పిండి సంచి, ఎనక నేను. బడికి పోయేసరికి నా గౌనంతా తెల్లగయ్యేది. పిల్లలు నవ్వేది..."

ఇంటర్‌కమ్ మోగింది. కొత్త అబ్బాయి గొంతు. "సార్, మీ బాల్కనీల లుంగి కనవడుతుందంట. తియ్యమంటున్నరు."

"మా బావగారిది బాబూ. ఆరాక తీస్తానని చెప్పు."

తిరిగి వచ్చి నిలబడ్డాను. "నవ్వితే?" అన్నాను. కోడలు చెబుతోంది. ఎదురుగా అద్దాల మేడ. ఆ అద్దాల్లో కూడా నీలం గళ్ళు గాలికి ఊగుతున్నాయి.