సముద్రం ఒడ్డున ఆరబెట్టిన బండి

మొన్నటి ఎండలకు శామీర్‌పేట చెరువు బాగా లోపలికి పోయింది. పాల ప్యాకెట్టు కొనుక్కుని వస్తున్నవాణ్ణి కట్ట మీద ఊరికే ఆగాను. నీళ్ళు వదిలేసిన నేల మీద క్యాబులు వరసగా నిలబెట్టి, డ్రైవర్లు ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచి, మగ్గులతో నీళ్ళు చల్లి కడుగుతున్నారు. కడిగిన బండ్లకు తలుపులన్నీ బార్లా తెరిచి ఆరబెట్టారు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు గానీ, ఇంటికి పోయేసరికి పాలు విరిగాయి. మా ఆవిడ నాలుగు మాటలంది. నా మనసంతా ఎప్పుడో తెలంగాణ రాకముందు పోయిన ఒక తెల్ల బండి మీద ఉంది.

మా వైపు డ్రైవర్లకు బండి కడగడమంటే చెరువే. ముందు చక్రాలు నీళ్ళలోకి దించి కడుగుతారు, కాస్త వెనక్కి తీసి ఆరబెడతారు, ఇక పోయి చాయ్ తాగుతారు, ఆకలైతే ఇంటికి పోయి అన్నం తిని ఒక కునుకు తీసి మరీ వస్తారు. బండి పెట్టిన చోటే ఉంటుంది, నీళ్ళూ ఉన్న చోటే ఉంటాయి. చెరువు తగ్గాలంటే ఎండాకాలం రావాలి, నిండాలంటే వానాకాలం రావాలి. నీళ్ళ గురించి మాకు తెలిసిన శాస్త్రం అంతే.

అప్పట్లో నేను తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ స్టోర్సులో గుమస్తాని. మమ్మల్ని తీసుకుపోయే క్యాబు డ్రైవరుది అలియాబాద్. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను సార్ అని మొదలుపెట్టి, ఏడాది తిరక్కముందే అరే అనే చనువులోకి దిగాడు. ఏళ్ళ తరబడి ఒక సేటు బండి నడిపి నడిపి, ఇంట్లో ఆడవాళ్ళ బంగారమంతా కరిగించి చివరికి సొంత బండి కొన్నాడు. వాళ్ళమ్మ అద్దానికి తావీదు కట్టింది. మా అవ్వ ఊరుకుంటుందా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. ఉద్యమం జోరు మీదున్న రోజులు కదా, నంబరు ప్లేటు మీద ఏపీ తీసేసి టీజీ అని రాయించాడు. సోమవారం పొద్దుటి షిఫ్టుకు ఆ బండి మా కంపెనీ గేటు ముందు నిలబడితే కాంట్రాక్టు ఆయనది. నిలబడకపోతే వెనకే ఇంకొకరి బండి సిద్ధంగా ఉంది.

"సోమారం నుంచి ఇగ నాకు ఐతారం గూడ ఉండదు. గీ రెండు దినాలే ఉన్నయ్. సముద్రం సూసొద్దాం పారి," అన్నాడు భాయ్. కౌకూరులో సైకిల్ షాపు నడిపే మా బావ కూడా తయారయ్యాడు. ముగ్గురిలో ఎవరమూ సముద్రం చూసినవాళ్ళం కాదు. శుక్రవారం డ్యూటీ దిగగానే వైజాగ్ బయల్దేరాం. టీజీ బండి కనబడితే అక్కడివాళ్ళు రాళ్ళేస్తారని బావకు ఒకటే భయం. దారిలో చాయ్‌కి ఆగినప్పుడు ఆ రెండు అక్షరాల మీద నల్ల టేపు అంటించి, అప్పటినుంచి ప్రతి మాటకూ "అండి" తగిలించడం మొదలుపెట్టాడు.

తెల్లవారి చేరేసరికి మబ్బు పట్టి ఉంది. బండి ముందు భాగమంతా పురుగులూ బురదా. "గీ మొఖంతోని కొత్త ఊర్లకు పోతమా?" అని భాయ్ పడవలు నిలిపే చోట బండిని ఇసుకలోకి దించాడు. సముద్రం చాలా దూరంలో ఉంది. మధ్యలో ఇసుక తడిగా, రోడ్డులా గట్టిగా ఉంటే బండిని నీళ్ళ దాకా నడిపాడు. ఆ ఇసుక తడిగా ఎందుకుందని ముగ్గురిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. బావ నీళ్ళు నాలుక మీద వేసుకుని "థూ, ఉప్పు!" అన్నాడు. "ఉప్పయితే జిడ్డు జల్దీ పోతది తియ్," అని భాయ్ అవే నీళ్ళతో బండిని ముద్దుగా కడిగాడు. తర్వాత కిటికీలు కొంచెం దించి అక్కడే ఆరబెట్టాడు.

"ఇగ ఊర్లకు పోనీ," అన్నాను. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నై. ఇయ్యాల నేను డ్రైవర్ను గాను. బస్సుల పోదాం. కిటికి కాడ కూసుంట."

ఆ పూట ఊరంతా బస్సుల్లో తిరిగాం. పూర్ణా మార్కెట్టులో ఎండుచేపల వాసనకు బావ ముక్కు మూసుకున్నాడు గానీ, హోటల్లో చేపల పులుసు రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు. ఒడ్డున పెట్టిన జలాంతర్గామి ఎక్కాం. భాయ్ మీటలన్నీ తడిమి చూసి, "దీన్ల డ్రైవర్‌కు కిటికి గూడ లేదు గదరా, పాపం!" అని నొచ్చుకున్నాడు. వాళ్ళమ్మకు గవ్వల పెట్టె కొన్నాడు. తిరుగు బస్సులో చినుకులు పడుతున్న అద్దానికి నుదురానించి, "ఎనుక కూసుంటే ఊరు గింత కనవడ్తదారా," అన్నాడు. అంత నిమ్మళంగా ఆయన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

బస్సు దిగి నడుస్తుంటే, చేపలు ఆరబెట్టుకునే ఒక ముసలమ్మ మా మీదికి చేతులు తిప్పుకుంటూ వచ్చింది. "ఎక్కడోల్లు బాబూ మీరు? బండిని గేదెనుకున్నారేటి, సంద్రంలో వొదిలేసెల్లిపోనారు!"

ఇసుక లేదు. సముద్రం పోటెత్తి, పొద్దున మేము నడిచిన చోటంతా నీళ్ళే. బండి ఒక పక్కకు ఒరిగి, స్టీరింగు దాకా మునిగి ఉంది. కెరటం ఒక కిటికీలోంచి లోపలికి పోయి ఇంకో కిటికీలోంచి బయటికి వస్తోంది. బావ "అయ్యో, అయ్యో" అని నెత్తి కొట్టుకున్నాడు. భాయ్ గవ్వల పెట్టె నా చేతికిచ్చి, నడుము లోతు నీళ్ళలోకి పోయి, డ్రైవరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పడవలవాళ్ళు మోకులు కట్టి, చాలాసేపు లాగి లాగి ఒడ్డుకు చేర్చారు. బావ టేపు ఎప్పుడో ఊడిపోయింది. టీజీ అని చదివిన ఒక పెద్దాయన దగ్గర బావ నీళ్ళు నమిలితే, "ఏ ఊరైతే ఏటి, ముందు తాడట్టుకో!" అని కసిరాడు.

బానెట్ ఎత్తితే లోపల ఇసుక. మెకానిక్కు వైర్లు లాగి చూసి పెదవి విరిచాడు. భాయ్ అదేమీ పట్టించుకోలేదు. చొక్కా విప్పి, దాంతో సీట్లు తుడుస్తూనే ఉన్నాడు. తుడిచినకొద్దీ నీళ్ళు ఊరుతున్నాయి. "సోమారం షిఫ్టుకు అందుకోవాలె, సోమారం..." అంటాడు, మళ్ళీ పిండుతాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆదివారం బండిని లారీ ఎక్కించాం. ఇన్సూరెన్సువాళ్ళు తర్వాత ఒకటే మాటన్నారు: సముద్రం మీ బండి దగ్గరికి రాలేదు, మీరే పోయారు.

సోమవారం పొద్దున గేటు ముందు నిలబడింది ఆ ఇంకొకరి బండే. నేను ఉద్యోగానికి పోయిందీ అందులోనే. అలియాబాద్ దాటుతుంటే భాయ్ ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. కొత్త డ్రైవరు హారన్ కొట్టాడు. భాయ్ చెయ్యెత్తాడు.

బండి మళ్ళీ సరిగ్గా నడవలేదు. ముక్కలుగా అమ్ముడుపోయింది. భాయ్ ఇప్పటికీ ఎవరెవరి బండ్లో నడుపుతున్నాడు. పోయిన ఏడు నేను చిన్న కారు కొని, "కూసో భాయ్, ఇయ్యాల నేను నడుపుత," అని వెనక తలుపు తీసి పట్టుకున్నాను. నవ్వి, చుట్టూ తిరిగి వచ్చి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

అప్పట్లో కాలం కూడా మా చెరువులాంటిదే అనుకునేవాళ్ళం, ఏది ఎక్కడ పెట్టి పోతే తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటుందని.