కోతుల గొట్టం, కోటయ్య గారి చెవులు

2017 మామిడి సీజన్. నూజివీడులో మా చెవి క్లినిక్ రెండు గదులు. ఒకదాంట్లో వినికిడి పరీక్షలు చేసే మేడమ్, రెండోదాంట్లో నేను. ఏడో తరగతి తర్వాత బడికీ నాకూ మాటల్లేవు గానీ, ఇయర్ మోల్డ్ తీయడంలో నాకు మంచి పేరు. చెవిలోకి మెత్తటి ముద్ద ఎక్కించి, గట్టిపడ్డాక తీసే అచ్చు అది. దాన్ని బట్టే వినికిడి మిషన్ చెవిలో కుదురుతుంది. అప్పట్లో వచ్చినవాళ్లంతా సంచిలో నాలుగు చిన్నరసాలు తెచ్చేవారు. ఇప్పుడు ఏసీ గదులొచ్చాయి, ఆ వాసన పోయింది.

ఆగిరిపల్లి దగ్గర తోట కాపలా ఉండే కోటయ్య గారిని భార్య నాంచారమ్మ గారు తీసుకొచ్చారు. కోతులు చెట్టెక్కినా ఆయనకు వినపడట్లేదని, తోట కౌలుదారు వేరే మనిషిని చూస్తున్నాడట.

"మీరు చెప్పేదన్నా వింటారా పిన్నిగారూ?" అనడిగాను.

"చెవులు బాగున్నప్పుడే వినలేదయ్యా."

ఏ శబ్దం ఎంతవరకు వినపడుతుందో చూపే గీతను ఆడియోగ్రామ్ అంటారు. ఆయన గీత సన్నటి శబ్దాల దగ్గరికొచ్చేసరికి గట్టు మీంచి జారినట్టు పడిపోయింది. పెద్ద చప్పుళ్ల దగ్గర పనిచేశారా అని మేడమ్ అడిగారు. నేను ఆయన చెవిలో అరిచి చెప్పాను.

"కోతులకి గొట్టం పేలుస్తానండి."

ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడ్ ముక్క, కాసిని నీళ్లు వేసి లైటర్ నొక్కితే బాంబులా మోగుతుంది. కొన్నేళ్లుగా అది ఆయన చెవి పక్కనే. మిషన్ పెట్టినా గొట్టం మానకపోతే మిగిలిందీ పోతుందన్నారు మేడమ్. అదీ అరిచి చెప్పాను.

"గొట్టం లేకపోతే కోతులు నా మాట వింటాయా అండీ?"

"మీరు మాత్రం వాటి మాట వింటున్నారా బాబాయ్?" అన్నాను.

పిన్నిగారు నవ్వారు. ఆయన నవ్వలేదు. గొట్టం ఉంటే చెవులు పోతాయి, మానేస్తే పని పోతుంది. పిన్నిగారే అన్నారు: "మా నాన్న జొన్నచేలో వడిసెలతో పిట్టల్ని తోలేవాడు. నార తెస్తే నేను పేనిస్తా."

వడిసెలంటే తాడు మధ్యలో రాయి పెట్టి గిర్రున తిప్పి విసిరేది. గొట్టానికి గురి అక్కర్లేదు. దీనికి మాత్రం కోతి ఎటుందో ముందే వినపడాలి.

మోల్డ్ తయారయ్యాక నేనే తోటకెళ్లి మిషన్ పెట్టాను. కౌలుదారు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. కోటయ్య గారు నాలుగడుగులు వేసి మొహం చిట్లించారు.

"ఏంటండీ ఈ గోల?"

"ఎండుటాకుల మీద మీ కాళ్లే బాబాయ్."

ఆయన ఆగి, నన్నూ నోరు మూయమన్నట్టు చెయ్యెత్తారు. నాకైతే ఏమీ వినపడలేదు. వడిసెల తిరిగింది. అవతలి బంగినపల్లి చెట్టులోంచి కోతులు కంచె దూకి పోయాయి.

"కాయ దిగేదాకా ఉండు," అన్నాడు కౌలుదారు.

వినపడట్లేదని ఎవరొచ్చినా, రోజంతా ఏ చప్పుడు పక్కన పనిచేస్తారని ముందు అడగడం నాకు అప్పటి నుంచే అలవాటు. అది తెలుసుకోకుండా మిషన్ పెడితే, చిల్లు కుండకు మూత బిగించినట్టే.