గుణశ్రేఢి ఆర్పిన పొయ్యి

ఆదోనిలో మా చెల్లెలి పెళ్ళిని భోజనాల వేళ ముంచబోయింది నేనేనని మా బంధువులు ఈనాటికీ చెప్పుకుంటారు. వినేవాళ్ళు కడుపుబ్బ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. నా లెక్కలో తప్పు లేదు. కావాలంటే మీరే చేసి చూడండి.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అనంతపురంలో ఇంటర్మీడియట్ చదివి, గణితం నాకు తప్ప లోకంలో ఎవరికీ రాదన్నట్టు తిరుగుతున్న రోజులు. పెళ్ళిలో నాకు వంటల మీద పెత్తనం అప్పగించారు. మొదటి పంక్తిలో ఎనభై విస్తళ్ళు పడ్డాయి. రెండో పంక్తిలో నలభై. మూడో దాంట్లో సరిగ్గా ఇరవై! సగానికి సగం తగ్గే ఈ గుణశ్రేఢిని చూసి గణితం చదివినవాడు ఊరుకోగలడా? ఇక పది, తర్వాత అయిదు... ఇలా ప్రళయం వచ్చేదాకా పంక్తులు వేసినా మొత్తం నూటఅరవై దాటదు. నూటనలభై మంది తినేశారు. మిగతా ఇరవైమందికి గంగాళం అడుగున ఉన్న అన్నం, బుట్టలో ఉన్న ఓళిగలు, అవే బొబ్బట్లు, చాలు.

"పొయ్యి ఆర్పెయ్ శేషప్పా" అన్నాను వంటాయనతో.

"ఎమ్మిగనూరు బస్సు ఇంగా రాల్యా గదప్పా?"

పెళ్ళికొడుకు మేనమామ వీరభద్రప్ప తనవాళ్ళతో ఆ బస్సులోనే రావాలి. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపిన బస్సు అది. ఎక్కినవాళ్ళు కూర్చునేదానికంటే దిగి నెట్టేదే ఎక్కువ.

"ఎవరొచ్చినా ఈ లెక్క దాటి రారు."

"ఆ సంగతి బస్సులో ఉండేటోళ్ళకి ఎవరు సెప్పినారప్పా?"

చదువురానివాడితో వాదనేమిటని, బిందెడు నీళ్ళు తెచ్చి నేనే స్వయంగా పొయ్యి ఆర్పాను.

అరగంటకు బస్సు వచ్చింది. దిగారండీ, దిగారు, టాపు మీది నుంచి కూడా దిగారు. నలభైఇద్దరు! ముఖాల నిండా మసి, మూడుచోట్ల బస్సును నెట్టిన ఆకలి.

మా అమ్మ వంటింట్లోకి తొంగిచూసి నిలువునా కూలబడింది. "ఒరే, వియ్యాలవారికి అన్నం యాడరా?"

"రావాల్సింది పదిమందేనమ్మా! నలభైఇద్దరు రావడం వాళ్ళ తప్పు."

వీరభద్రప్ప విననే విన్నాడు. "మమ్మల్ని లెక్కలో నుంచి కొట్టేసినారా? పదండప్పా, పోదాం. పెండ్లి పిల్లోన్ని గూడా పిల్చండి."

గుమ్మంలో నిలబడ్డ మా చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు భయం వేసింది నాకు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆరిన బొగ్గుతో గోడ మీద ఎనభై, నలభై, ఇరవై అని రాసి అంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"బాగుండాదప్పా. మాదీ ఒక లెక్క ఉండాది. ఓళిగలు నాకొకటి పెట్టు. నా పక్కనాయనకి రెండు. ఆయన పక్కనాయనకి నాలుగు. ఆఖరు మనిసి దాకా అట్లే పోవల్ల. ఒక్కటి తక్కువైనా పిల్లోన్ని తోడుకొని పోతాం."

"అంతేనా అన్నా! పెట్టిస్తాం" అంది మా అమ్మ సంబరంగా.

అంతేనట! ఆ ఇంట్లో ఆ లెక్క తెలిసిన పాపిష్టివాణ్ణి నేనొక్కణ్ణే. పదో ఆయనకు అయిదువందల పన్నెండు. ఇరవయ్యో ఆయనకు అయిదు లక్షల పైచిలుకు. వరస చివరికి చూశాను. అక్కడ బక్కచిక్కిన ముసలాయన. నోట్లో ఒక్క పన్ను లేదు. దేశంలోని బెల్లమంతా ఆయన విస్తట్లోకే పోవాలి.

వీరభద్రప్ప కాళ్ళ మీద పడ్డాను. "మామా, మీ లెక్కా వద్దు, నా లెక్కా వద్దు!"

"అయితే పోయి పొయ్యి ముట్టీ" అన్నాడాయన మీసాల్లో నవ్వుతూ.

తడిసిన కట్టెలు ఊదలేక కళ్ళు చింతనిప్పులయ్యాయి. అందరూ తిన్నారు, పెళ్ళి నిలిచింది. ఇంతకీ ఆ చివరి ముసలాయన ఎన్ని తిన్నాడనుకున్నారు? ఒకటిన్నర! ఆ ఒకటిన్నర ఓళిగ కోసం, గణితంలో మొదటి తరగతి తెచ్చుకున్నవాణ్ణి, ఊరందరి ముందూ కాళ్ళ మీద పడ్డాను!

ఆ పొగలోనే అగ్నిసాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: శ్రేఢి అనంతం దాకా పోతే పోనీ, ఆఖరు మనిషి తిని చెయ్యి కడిగేదాకా నేను మాత్రం బిందె ముట్టను.