పటంలో ఒక ఇల్లు ఎక్కువ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా నాన్న తెనాలిలో దర్జీ. భయమేస్తే దువా చదువుకుని పడుకోమనేవాడు, అంతే.

రెండువేల మూడులో నిజాంపట్నం దగ్గర ఒక మత్స్యకారుల పల్లెలో టీచరుగా చేరాను. బడి వార్షికోత్సవానికి ఊరి చరిత్ర రాసి, పటం గీసే పని హెడ్మాస్టారు నాకు అప్పగించారు. ఇప్పుడున్న పల్లె డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత కట్టుకున్నది. అంతకుముందుది మైలు దూరంలో, సముద్రం వైపు ఉండేదట. అక్కడిప్పుడు ఇసుక, సరుగుడు చెట్లు.

ఒక ఆదివారం పొద్దున పదిన్నరకి అక్కడికి వెళ్లాను. భుజాన వల వేసుకున్న మనిషి ఎదురయ్యాడు. నలభై ఏళ్లుంటాయి. పాత ఊరి గురించి అడిగితే "రామ్మా, చూపిస్తాను" అని ముందు నడిచాడు. పెద్దవీధి, మంచినీళ్ల బావి, ఎవరి ఇల్లు ఎక్కడ, అన్నీ చెప్పాడు. అడుగులతో కొలుచుకుంటూ గీసుకున్నాను. చివర తూర్పున విడిగా ఒక చోటు చూపించి, "ఇది మా చెల్లెలి ఇల్లమ్మా. గుమ్మం ఉత్తరానికి" అన్నాడు. అతని పేరు అడగాలని నాకు తోచలేదు.

మర్నాడు పటం సరిచూడమని నాగమ్మగారి దగ్గరికి వెళ్లాను. పాత పల్లె ఇంటింటా గుర్తున్నది ఆవిడకే. ఎండుచేపలు తిరగేస్తున్నదల్లా వచ్చి పక్కన కూర్చుంది. నేను చదువుతుంటే ప్రతి ఇంటికీ తలూపింది. చివరి ఇంటి దగ్గర ఆపింది.

"అక్కడ ఇల్లేం లేదండి, టీచరమ్మా."

ఆ మనిషి చెప్పిన మాట చెప్పాను. ఆవిడ పటంలో ఆ చోట వేలు పెట్టి చెప్పింది. మొగుడొదిలేస్తే తను పుట్టింటికొచ్చినప్పుడు, వాళ్లన్న అక్కడే ఇల్లు వేసిస్తానన్నాడట. గుమ్మం ఉత్తరానికని అన్నాచెల్లెళ్లిద్దరే అనుకున్నారు, వదినక్కూడా చెప్పలేదు. ఆ వారమే ఉప్పెన వచ్చింది. అన్న శవం కూడా దొరకలేదు.

ఎవరో ఆటపట్టించారనుకుందామంటే, ఆ గుమ్మం సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తర్వాత రెండేళ్లు అక్కడే పనిచేశాను. ఆ మనిషి మళ్లీ కనపడలేదు. అతనెవరో ఇప్పటికీ చెప్పలేను.

నాగమ్మగారు మాత్రం ఆ రోజు అతనెవరని కూడా నన్నడగలేదు.

"అన్నం తిన్న మొహంలాగే ఉందాండి?" అంది.

"తిన్నట్టే ఉన్నాడమ్మా" అన్నాను. నిజానికి నేనంతగా చూడలేదు.