ఏడింటికి అంకుల్ అడిగే అంకె

మొన్న మంగళవారం పొద్దున ఏడింటికి ఫోను మోగింది. ఆ వేళకు రోజూ చేసేది అంకులే కాబట్టి, ఎత్తగానే "ఆరు, అంకుల్" అన్నాను. అవతల ఆంటీ. "అంకుల్ ఇక లేరమ్మా. నిద్రలోనే పోయారు" అన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. ఈ చలికాలం ఎలా గడుస్తుందన్న భయం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, చాలాసేపు ఆగలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. సిటీ శివార్లలోని పాయింట్ కుక్‌లో ఉండే రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. కేరమ్ డౌన్స్ గుడిలో పులిహోర కోసం నిలబడ్డ వరుసలో పరిచయమయ్యారు. మా ఆయన విక్టోరియా కొండల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు. మా ఇల్లు ఆ ఊరికి దూరం. కరెంటు స్తంభాలు మా గేటుకు చాలా దూరంలోనే ఆగిపోయాయి, మొబైల్ సిగ్నల్ అసలు లేదు. కప్పు మీద సోలార్ పలకలు, వరండాలో లిథియం బ్యాటరీలు, వాటి మీద ఇంటర్నెట్, దాని మీద ఫోను. బ్యాటరీలు పడుకుంటే, అర్జంటు కేసు వచ్చినా ఆసుపత్రి వాళ్ళు మా ఆయన్ని పిలవలేరు. ఇదంతా విని అంకుల్ పులిహోర తినడం ఆపేశారు. "అక్కడ స్నో పడుతుంది కదమ్మా, బ్యాటరీలకి స్వెట్టర్ వేశారా?" అని అడిగారు. నేను జోకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

సున్నా డిగ్రీల కిందికి చల్లబడ్డ లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కిస్తే లోపల్లోపలే పాడైపోతుందట, మళ్ళీ బాగుపడదట. తర్వాతి శనివారమే నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చారు. థర్మోకోల్ పలకలతో వాటి చుట్టూ పెట్టె కట్టారు. నర్సరీల్లో మొలకల కింద పరిచే వేడి చాపను అడుగున వేశారు. పెట్టె బయట, లోపలి వేడిని అంకెల్లో చూపించే చిన్న థర్మోస్టాట్ బిగించి, దాని తీగ చివరి సెన్సరును లోపలికి దించారు. లోపల ఐదు డిగ్రీలకు పడిపోతే ఎర్ర దీపం వెలిగి చాప వెచ్చబడుతుంది, పదికి ఆగిపోతుంది. అంతే. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే కాగితం టేపు తీసి, గుండ్రటి అక్షరాలతో "5 ఆన్, 10 ఆఫ్. ముట్టుకోవద్దు" అని రాసి అంటించారు.

"వేడి చెయ్యడం ఏముందమ్మా, ఎవడైనా చేస్తాడు. కరెక్ట్‌గా ఆపాల్సిన చోట ఆపాలి" అన్నారు.

నేను దాన్ని ముట్టుకోలేదు. పెరుగు పెట్టాను.

చలికాలం మా వంటింట్లో పాలు తోడుకోవు. ఇంట్లో మనుషులకు లేని వెచ్చదనం ఆ పెట్టెలో ఉంది కదా అని, గోరువెచ్చటి పాలలో తోడు వేసి, గిన్నెకు టవల్ చుట్టి, బ్యాటరీల పక్కన ఇరికించాను. ఆ ఇరికింపులో సెన్సరు టవల్లోకి దూరింది. బయట అంకె పద్నాలుగు చూపిస్తుంటే చూసి మురిసిపోయాను కూడా. అది గిన్నె వేడి. చాప రాత్రంతా వెచ్చబడనే లేదు. మర్నాడు నిండా ఎండ, ఛార్జింగ్ మాత్రం సున్నా. మిగిలిన కాస్త ఛార్జి అయిపోయేలోగా ఫోన్ చేసి "బ్యాటరీలు చచ్చిపోయాయి అంకుల్" అని ఏడ్చాను. మళ్ళీ నాలుగు గంటలు నడుపుకుంటూ వచ్చారు. మూత తీసి, టవల్ విప్పి, గిన్నెలోకి తొంగి చూశారు.

"అమ్మాయ్, పెరుగు ఫస్ట్ క్లాస్‌గా తోడుకుంది. బ్యాటరీలే గజగజలాడుతున్నాయి."

అవి బతికే ఉన్నాయి. మరీ చల్లబడితే ఛార్జింగ్ వద్దనే ఏర్పాటు వాటిలోనే ఉందట. అంకుల్ సెన్సరును మళ్ళీ సర్ది, ఆ పెరుగుతోనే అన్నం తిని, మూత మీద ఇంకో టేపు అంటించి వెళ్ళారు: "పెరుగు పెట్టరాదు."

ఆ మర్నాటి నుంచి చలికాలమంతా పొద్దున ఏడింటికి ఫోను. హలో లేదు, బాగున్నావా లేదు. "ఎంతుంది?" అంటారు. "ఆరు, అంకుల్" అంటాను. "సరే, కాఫీ తాగు" అని పెట్టేస్తారు. ఆ మాట అయ్యాకే నాకు తెల్లవారినట్టుండేది. అయినా పెరుగు దెబ్బకు నాకు ఆ అంకె మీద నమ్మకం పోయింది. ఊరికే మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూసేదాన్ని. మా ఆయన ఈ సంగతి అంకుల్‌కి మోసేశాడు.

"మూత తీస్తే ఉన్న వేడి పోదూ? నీ భయానికి కూడా ఒక థర్మోస్టాట్ పెట్టాలమ్మాయ్. ఆన్ అవుతోంది గానీ ఆఫ్ అవ్వట్లేదు."

ఇప్పుడు అంకుల్ అంత్యక్రియలకు వెళ్ళాలంటే రెండు రోజులు ఇల్లు వదలాలి. ఆ రెండు రోజులూ గడ్డకట్టే చలి అని వార్తల్లో అన్నారు. మా ఆయనకు ఆసుపత్రిలోనే డ్యూటీ, మూడో రోజు నుంచి ఇంటి దగ్గరే ఉండి, పిలిస్తే వెళ్ళే ఆన్‌కాల్. పెట్టె దగ్గర ఎవరూ ఉండరు. కారెక్కాను, దిగి మూత తీసి చూశాను. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను. ఈసారి మూత మీద చెయ్యి వేసి, తియ్యకుండా వెళ్ళిపోయాను. పాయింట్ కుక్‌లో ఆంటీ చెయ్యి పట్టుకుని కూర్చున్నానే గానీ నా ప్రాణంలో సగం ఆ వరండాలోనే ఉంది. అంకుల్‌కి తెలిస్తే తిట్టి ఉండేవారు.

తిరిగొచ్చి స్విచ్ వేస్తే లైటు వెలిగింది. మర్నాడు పొద్దున అంకె చూద్దామని వరండాలోకి వచ్చాను. సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది.

"ఎంతుందమ్మా?" ఆంటీ గొంతు. నేను జవాబివ్వకముందే సర్దుకుంటున్నట్టు అన్నారు, "అదేంటో నాకు తెలీదనుకో. ఏడయింది, ఇల్లు సైలెంట్‌గా ఉంది. ఆయన రోజూ అడిగేవారు కదా..."

మూత తియ్యలేదు. బయట అంకె చూశాను. "ఐదు, ఆంటీ" అన్నాను. అంటుండగానే థర్మోస్టాట్ టిక్కుమని, ఎర్ర దీపం వెలిగింది.

"సరే, కాఫీ తాగమ్మా" అన్నారు ఆంటీ.

మూత మీద "పెరుగు పెట్టరాదు" టేపు ఒక మూల తడికి లేచి ఉంది. బొటనవేలితో అదిమి, అది అతుక్కునేదాకా అలాగే పట్టుకున్నాను.